ఒకే ఫారంలో 180 మంది పాల లెక్క: చివరి పేర్లకు సున్నాలు, మొదటి పేర్లకు టిక్కులు

వంశధార_ఒడ్డు
మాది ఒడిశా గజపతి జిల్లాలో కాశీనగర్ దగ్గర ఒక పల్లె. ఊరి పాల సంఘానికి పీహెచ్‌పీ అనే వెబ్ భాష, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌తో లెక్కల ప్రోగ్రాం ఒకటి నేనే రాసి నడుపుతున్నాను. మొదట్లో ఒక్కో రైతు పేరు మీద నొక్కి, ఆ పేజీలో లీటర్లు, ఫ్యాట్ వేసి, సేవ్ చేసి వెనక్కి వచ్చేవాళ్ళం. తెల్లవారకముందే క్యాన్లతో వరుస కట్టే 180 మందికి 180 పేజీలు తెరవడం అయ్యే పని కాదు కనుక, కిందటి నెలలో అందరినీ ఒకే పట్టికగా ఒకే ఫారంలో పెట్టి, అడుగున ఒక్క సేవ్ బటన్ ఉంచాను. ఒక్కో వరుసలో కనిపించని రైతు ఐడీ, లీటర్లు, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో కొవ్వు కాని ఘనపదార్థాలు), రేటు, గమనిక అనే ఆరు గడులు, వాటి పక్కన "బిల్లు ఆపాలి" అనే చెక్‌బాక్స్ ఉన్నాయి. ఆ రోజు వరుసలు డేటాబేస్‌లో పొద్దున్నే సున్నాలతో తయారై ఉంటాయి, ఫారం వాటిని మారుస్తుంది.

ఇప్పుడు రెండు తిప్పలు వచ్చి పడ్డాయి. మొదటిది, 167వ రైతుకు లీటర్లు, ఫ్యాట్ పడి ఎస్‌ఎన్‌ఎఫ్ నుంచి ఖాళీ అవుతోంది, 168 నుంచి 180 దాకా అందరికీ సున్నాలే మిగులుతున్నాయి. ఒక రోజు ముగ్గురికి బిల్లు ఆపమని టిక్ పెడితే, ఆ రోజు 167వ రైతుకు కూడా ఏమీ పడలేదు. రెండోది, ఆ ముగ్గురికి పెట్టిన టిక్కులు జాబితాలోని మొదటి ముగ్గురికి వెళ్ళాయి. జాబితాలో మొదటి పేరు మా సంఘం అధ్యక్షుల వారిది. ఆయన బిల్లు ఇప్పటికి రెండుసార్లు ఆగింది, నేను ఆయన వీధిలో నడవడం మానుకున్నాను.

ఊరికే_చూస్తున్నా
అధ్యక్షుల వారి బిల్లు ఆపగలిగిన ప్రోగ్రాంను తప్పు అనడం న్యాయం కాదు.

బరంపురం_బ్యాకెండ్
రెండూ వేరు వేరు జబ్బులు, కలిపి చూస్తే అర్థం కావు. ముందు ఒక సంగతి చెప్పండి: పట్టిక మొదలయ్యే ముందు ఫారంలో ఇంకేదైనా కనిపించని గడి ఉందా, ఉంటే ఎన్ని?

వంశధార_ఒడ్డు
ఒకటే ఉంది, ఆ రోజు తేదీ.

బరంపురం_బ్యాకెండ్
అయితే లెక్క కుదిరింది. 166 మందికి ఆరేసి గడుల చొప్పున 996, తేదీతో కలిపి 997. మిగిలిన మూడు 167వ రైతు ఐడీ, లీటర్లు, ఫ్యాట్. అక్కడికి సరిగ్గా 1000 అయ్యాయి. ముగ్గురికి టిక్ పెట్టిన రోజున ఆ మూడూ టిక్కుల ఖాతాలోకి పోయాయి కనుక 166వ రైతుతోనే 1000 నిండింది.

పీహెచ్‌పీలో మాక్స్ ఇన్‌పుట్ వార్స్ అనే పరిమితి ఉంది, దాని డిఫాల్ట్ విలువ 1000. అంతకు మించి వచ్చిన గడులను పీహెచ్‌పీ మీ కోడ్ దాకా రానివ్వదు. హెచ్చరిక ఒకటి వేస్తుంది గాని, అది మీ స్క్రిప్ట్ మొదలుకాక ముందే పడుతుంది కాబట్టి ఎర్రర్ లాగ్ తెరిచి చూసేవారికి తప్ప తెలియదు. 168 నుంచి ఉన్నవి మీ ఫారం వేసిన సున్నాలు కావు. ఆ ఐడీలు అసలు చేరలేదు కనుక పొద్దున్న తయారైన సున్నాలే అలా ఉండిపోయాయి. 167వ రైతు ఒక్కడి వరుసనే మీ ప్రోగ్రాం సగం సగం రాసింది.

వంశధార_ఒడ్డు
లాగ్ ఇప్పుడే తెరిచాను. రోజుకు రెండు చొప్పున, నెల రోజుల హెచ్చరికలు అందులో పడి ఉన్నాయి. వెంటనే కోడ్ మొదటి వరుసలో, కోడ్ నుంచే అమరికలు మార్చే ఐఎన్ఐ సెట్‌తో పరిమితిని 5000 చేశాను, అయినా మార్పేమీ లేదు.

బరంపురం_బ్యాకెండ్
ఉండదు. ఆ వరుస నడిచే సమయానికి ఫారం విప్పడం, మిగిలినవి పారేయడం రెండూ అయిపోయి ఉంటాయి. అమరికల ఫైలు పీహెచ్‌పీ డాట్ ఐఎన్ఐలో గాని, మీ హోస్టింగ్ ఒప్పుకుంటే ఆ ఫోల్డర్‌లోని డాట్ యూజర్ డాట్ ఐఎన్ఐలో గాని మార్చాలి.

జయపురం_జాంగో
ఇది పీహెచ్‌పీకి మాత్రమే ఉన్న జబ్బు అనుకోవద్దు. పైథాన్ భాషలో వెబ్ ప్రోగ్రాంలు రాసే జాంగోలోనూ ఒక ఫారంలో వచ్చే గడులకు డిఫాల్ట్‌గా 1000 పరిమితే ఉంది. తేడా ఏమిటంటే, జాంగో మిగిలినవి పారేసి ఊరుకోదు, మొత్తం ఫారాన్నే తిరస్కరిస్తుంది. సగం పడిన లెక్క కన్నా అసలు పడని లెక్క మేలు అని నా అభిప్రాయం.

పాత_డీబీఏ_రాయగడ
ఆ పరిమితి ఎందుకు వచ్చిందో తెలియకుండా 5000, 50000 అని పెంచుకుంటూ పోకండి. ఒకే హ్యాష్ విలువకు (పేరును వెతకడానికి యంత్రం కట్టుకునే సంఖ్యకు) వచ్చేలా తయారుచేసిన వేల గడుల పేర్లను ఒకే ఫారంలో పంపి సర్వర్‌ను ఉక్కిరిబిక్కిరి చేసే దాడి పద్ధతి 2011 చివర్లో బయటపడింది. దానికి అడ్డుకట్టగా 2012 జనవరిలో పీహెచ్‌పీ 5.3.9తో ఈ పరిమితి వచ్చింది. కావలసినంత పెంచుకోండి, కానీ ముందుగా ఫారంలోని గడులు తగ్గించండి.

మీ ఆరు గడుల్లో రెండు అసలు అవసరం లేనివి. రేటును ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్‌ను బట్టి సర్వరే పట్టిక చూసి లెక్క కట్టాలి గాని, బ్రౌజర్ పంపిన రేటును నమ్మకూడదు. ఇక ఐడీని వేరే గడిగా పంపే బదులు, గడి పేరులోని చదరపు బ్రాకెట్లలో పెట్టండి. లీటర్లు అనే పేరు పక్కన ఖాళీ బ్రాకెట్లకు బదులు 412 అనే రైతు ఐడీ ఉంటే, పీహెచ్‌పీ దాన్ని 412 అనే తాళంచెవితోనే (కీతో) మీకు అందిస్తుంది. అప్పుడు వరుసకు నాలుగే గడులు, 180 మందికి 720. మీ రెండో తిప్పకు కూడా మందు అదే.

వంశధార_ఒడ్డు
రెండో తిప్పకు ఎలా? బ్రాకెట్లు ఖాళీగా ఉన్న మాట నిజమే. కానీ లీటర్లు, ఫ్యాట్ మాత్రం ఎవరివి వారికే సరిగ్గా పడుతున్నాయి కదా.

గుణుపురం_టీచరమ్మ
ఆ సంగతి నన్ను అడగండి, అనుభవించిన దాన్ని. టెక్స్ట్ గడి ఖాళీగా ఉన్నా బ్రౌజర్ దాన్ని ఖాళీ విలువతో పంపుతుంది, టిక్ లేని చెక్‌బాక్స్‌ను మాత్రం అసలు పంపదు. 180 చెక్‌బాక్సుల్లో మూడింటికే టిక్ ఉంటే మూడే వస్తాయి, బ్రాకెట్లు ఖాళీగా ఉన్నందున వాటికి 0, 1, 2 అనే సంఖ్యలు పడతాయి. మీ లూప్ ఆ మూడింటినీ మొదటి ముగ్గురి పక్కన పెడుతుంది.

నేను ఇంతకుముందు పనిచేసిన ఒక ప్రైవేటు బడిలో హాజరు ఫారం ఇలాగే రాశారు. తరగతిలో నలభై మంది పిల్లలు, వచ్చిన వారికి టిక్. ఎవరు మానినా, ఆ రోజు ఎందరు మానారో అన్ని చివరి రోల్ నంబర్లకే గైర్హాజరు పడేది. మొత్తం హాజరు సంఖ్య ప్రతిరోజూ సరిగ్గా వచ్చేది కనుక రెండు నెలల దాకా ఎవరికీ అనుమానం రాలేదు. రోజూ బడికి వచ్చిన 40వ నంబరు పిల్లవాడి తండ్రి, మావాడు రాకపోతే మీ బెంచీ మీద కూర్చున్నది ఎవరు అని వచ్చి అడిగిన రోజున తెలిసింది.

ఊరికే_చూస్తున్నా
ఆ పిల్లవాడు ఇప్పుడు తప్పకుండా సాఫ్ట్‌వేర్ టెస్టర్ అయి ఉంటాడు.

జయపురం_జాంగో
చెక్‌బాక్స్‌కు ముందు అదే పేరుతో సున్నా విలువ గల హిడెన్ గడి పెట్టే చిట్కా ఒకటి ఉంది. టిక్ ఉంటే రెండూ వస్తాయి, పీహెచ్‌పీ చివరిదాన్ని తీసుకుంటుంది. టిక్ లేకపోతే సున్నా వస్తుంది.

పాత_డీబీఏ_రాయగడ
చిట్కా నిజమే, కానీ బ్రాకెట్లలో ఐడీ ఉన్నప్పుడే అది పనిచేస్తుంది. ఖాళీ బ్రాకెట్లతో చేస్తే టిక్ ఉన్న ప్రతి వరుసకు రెండు విలువలు చేరి వరుసలు ఇంకా జరిగిపోతాయి. పైగా 180 గడులు అదనంగా పెరుగుతాయి. ఐడీ తాళంచెవిగా ఉన్నప్పుడు ఆ హిడెన్ గడి అవసరమే లేదు. డేటాబేస్‌లోని రైతుల జాబితా మీద లూప్ తిప్పి, ఆ ఐడీకి లీటర్ల గడి వచ్చి టిక్ గడి రాకపోతే టిక్ లేనట్టు, లీటర్ల గడే రాకపోతే ఆ వరుస మన దాకా చేరనట్టు అని నిర్ణయించుకోండి. ఈ రెండింటినీ ఒకే సున్నాగా చూడడం వల్లనే మీకు నెల రోజులు తెలియలేదు.

ధర్మాబాద్_మిర్చి
నాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్, మిర్చి అడ్తి దుకాణానికి లెక్కలు రాస్తాను. ఫారం సరిగ్గా చేరిన తర్వాత డేటాబేస్‌లోకి ఎలా రాస్తున్నారో వంశధార గారు చెప్పలేదు. ఒక్కో వరుసకు ఒక్కో అప్‌డేట్‌నా, అన్నిటికీ కలిపి ఒకటేనా?

వంశధార_ఒడ్డు
లూప్‌లో ఒక్కొక్కటి. 180 అప్‌డేట్లు నెమ్మది అవుతాయని ఎవరో చెబితే, ఏ ఐడీకి ఏ విలువో చెప్పే కేస్, వెన్ పెట్టి ఒకే పెద్ద అప్‌డేట్‌గా మార్చి ఒకసారి చూశాను. ఏ వరుసలు మార్చాలో చెప్పే వేర్ షరతు పెట్టడం మరచిపోవడంతో, ఆ రోజు ఫారంలో లేని పాత తేదీల వరుసలన్నిటికీ లీటర్లు నల్ (విలువే లేని ఖాళీ) అయిపోయాయి. అదృష్టం బాగుండి ముందురోజు రాత్రి బ్యాకప్ ఉంది.

పాత_డీబీఏ_రాయగడ
కేస్‌లో ఎల్స్ లేకపోతే ఏ వెన్‌కూ సరిపోని వరుసకు నల్ పడుతుంది. ఎల్స్‌లో పాత విలువను నిలపాలి, వేర్‌లో ఐడీల జాబితా, తేదీ రెండూ ఉండాలి. కానీ 180 వరుసలకు ఈ గారడీ ఏదీ అక్కరలేదు. ఒక్క అప్‌డేట్‌ను ప్రిపేర్ చేసి, లూప్‌లో విలువలు మాత్రం మార్చుతూ, మొత్తాన్ని ఒకే ట్రాన్సాక్షన్‌లో (పడితే అన్నీ, లేకపోతే ఏదీ పడని కట్టగా) నడపండి. మీకు నెమ్మది అనిపించేది అప్‌డేట్ల వల్ల కాదు. ట్రాన్సాక్షన్ లేకపోతే ప్రతి అప్‌డేట్ తర్వాత కమిట్ (మార్పును ఖాయం చేయడం) జరిగి, మైఎస్‌క్యూఎల్ నిల్వ ఇంజన్ అయిన ఇన్నోడీబీ డిఫాల్ట్ అమరికలో ప్రతి కమిట్‌కూ లాగ్‌ను డిస్క్‌కు దింపుతుంది. 180 సార్లు దింపే బదులు ఒకసారి దింపితే చాలు.

వంశధార_ఒడ్డు
ట్రాన్సాక్షన్ ముందే పెట్టి చూశాను. మధ్యలో కరెంటు పోయినప్పుడు సగం వరుసలు పడి సగం పడలేదు. రోల్‌బ్యాక్ (రాసినవన్నీ వెనక్కి పోవడం) కావాలి కదా?

పాత_డీబీఏ_రాయగడ
మీ టేబుల్ మైఐసామ్ అనే పాత ఇంజన్‌లో ఉండి ఉంటుంది. దానికి ట్రాన్సాక్షన్లు లేవు, బిగిన్ అన్నా రోల్‌బ్యాక్ అన్నా ఎర్రర్ ఇవ్వకుండా తల ఊపి తన పని తాను చేసుకుపోతుంది. మైఎస్‌క్యూఎల్ 5.5 నుంచి కొత్త టేబుళ్ళకు ఇన్నోడీబీయే డిఫాల్ట్, కానీ పాత బ్యాకప్ నుంచి తెచ్చుకున్న టేబుల్ పాత ఇంజన్‌తోనే వస్తుంది. షో క్రియేట్ టేబుల్ అని అడిగి చూడండి.

వంశధార_ఒడ్డు
మైఐసామే. పదేళ్ళ కిందట వేరొకరు మొదలుపెట్టిన టేబుల్ అది.

గుణుపురం_టీచరమ్మ
మొత్తాన్ని ఒకే ట్రాన్సాక్షన్‌లో పెట్టాలన్న మాటతో నేను పూర్తిగా ఏకీభవించను. ఒక రైతు ఫ్యాట్ 4.2 బదులు 42 అని పడినంత మాత్రాన మిగిలిన 179 మంది లెక్కా వెనక్కి పోతే, కౌంటర్ దగ్గర ఉన్న మనిషి అంతా మళ్ళీ కొట్టాలా? పనిచేసే వారి కోణం నుంచి చూస్తే అది శిక్ష.

ధర్మాబాద్_మిర్చి
మా దుకాణంలో అయితే శిక్ష అయినా సరే, అన్నీ పడాలి లేదా ఏదీ పడకూడదు. ఒక లారీలో వచ్చిన లాట్లలో సగం తూకం పడి సగం పడకపోతే, రైతు చేతికి ఇచ్చే పట్టీకి, మా ఖాతాకు పొంతన ఉండదు.

పాత_డీబీఏ_రాయగడ
ఇద్దరూ రెండు వేరు తప్పుల గురించి మాట్లాడుతున్నారు. 42 అని కొట్టడం మనిషి తప్పు, దాన్ని డేటాబేస్ దాకా రానివ్వకుండా ముందే పట్టుకోవాలి. వరుసలన్నీ తనిఖీ చేసి, మంచివాటిని ఒక ట్రాన్సాక్షన్‌లో రాసి, తప్పువాటిని వారు కొట్టిన విలువలతోనే ఎర్ర రంగులో తిరిగి చూపండి. కొట్టినది చెరిపేసి ఖాళీ గడి చూపే ప్రోగ్రాంను మాత్రం క్షమించలేను. కరెంటు పోవడం, కనెక్షన్ తెగడం యంత్రం తప్పు, అక్కడ సగం పని ఉండకూడదు. మంచివాటిని ముందుగా రాయవచ్చా లేదా అన్నది మీ వ్యాపారం చెప్పాలి. పాల సంఘంలో ఒక రైతు వరుసకు మరో రైతుతో సంబంధం లేదు, లారీ లాట్లకు ఉంది.

ధర్మాబాద్_మిర్చి
పాల సంఘంలోనైనా పది రోజుల బిల్లు తీసే నాటికి ఎర్ర వరుస ఒక్కటి కూడా మిగలకూడదు అన్న షరతు పెట్టాలి, లేకపోతే ఆ ఎర్ర వరుసలు అలాగే ఎండిపోతాయి.

సిరోంచ_సిగ్నల్
మాది ప్రాణహిత ఒడ్డు. ఫోను ఒక గడియ ఈ రాష్ట్రం టవరు, మరో గడియ ఆ రాష్ట్రం టవరు పట్టుకుంటుంది, మధ్యలో ఏదీ పట్టుకోదు. మహిళా పొదుపు సంఘాలకు ఒకే ఫారంలో అందరి వారపు పొదుపు ఎక్కించేవాళ్ళం. సేవ్ నొక్కాక పేజీ తిరుగుతూనే ఉంటే మళ్ళీ నొక్కుతారు, అది మానవ సహజం. మా అప్‌డేట్ "నిల్వకు ఇంత కలుపు" అని రాసి ఉండడంతో, రెండోసారి నొక్కిన వారం అందరి పొదుపూ రెండింతలైంది. ఆ వారం సభ్యులంతా ప్రోగ్రాంను తెగ మెచ్చుకున్నారు.

అప్పటి నుంచి కలపడం మానేశాము. వారం వారం మొత్తాన్ని వేరే వరుసలో ఉంచి, సభ్యురాలి ఐడీ, వారం తేదీ కలిపి యూనిక్ కీ (అదే జత రెండోసారి చేరకుండా ఆపేది) పెట్టి, ఉన్నదైతే మార్చు, లేనిదైతే చేర్చు అనే ఇన్‌సర్ట్ రాశాము. పదిసార్లు నొక్కినా ఫలితం ఒకటే. సేవ్ అయ్యాక వేరే పేజీకి మళ్ళించడం కూడా పెట్టాము, లేకపోతే రిఫ్రెష్ నొక్కినప్పుడు బ్రౌజర్ అదే ఫారాన్ని మళ్ళీ పంపుతుంది.

బరంపురం_బ్యాకెండ్
ఆ పద్ధతిలో వ్యాల్యూస్ అనే ఫంక్షన్ వాడి ఉంటే, దాన్ని మైఎస్‌క్యూఎల్ 8.0.20 నుంచి వదులుకోదగినదిగా ప్రకటించారు, కొత్త వరుసకు మారుపేరు పెట్టే పద్ధతికి మారండి. ఇంకొక ఉచ్చు: సేవ్ అయిందో లేదో తెలుసుకోవడానికి ఎన్ని వరుసలు మారాయన్న సంఖ్యను నమ్మకండి. పాత విలువే మళ్ళీ రాస్తే మైఎస్‌క్యూఎల్ దాన్ని మారినట్టు లెక్కించదు, సున్నా అంటుంది. ఆ సున్నాను "సేవ్ కాలేదు" అని చూపించే ప్రోగ్రాం ముందు మా గుమస్తా ఒకరు అరగంట సేవ్ నొక్కుతూ కూర్చున్నారు.

వంశధార_ఒడ్డు
సిరోంచ గారి కథ విన్నాక మాది లీటర్లు కలిపే పద్ధతి కాదని ఊపిరి పీల్చుకున్నాను. ఇంకొక చిక్కు ఉంది. సాయంత్రం పూట కౌంటర్‌లో కూర్చునే అబ్బాయి రైతుల పేర్లు ఒడియా కీబోర్డుతో కొడతాడు, అదే కీబోర్డుతో లీటర్లు కూడా ఒడియా అంకెల్లో పడిపోతున్నాయి. అవి సేవ్ అయ్యాక సున్నాలుగా కనిపిస్తున్నాయి. పేర్లు మాత్రం బాగానే ఉన్నాయి.

ధర్మాబాద్_మిర్చి
మాకు మరాఠీ అంకెలతో ఇదే గతి పట్టింది. పీహెచ్‌పీలో కొట్టినదాన్ని సంఖ్యగా మార్చే ఇంట్‌వాల్, ఫ్లోట్‌వాల్ రెండింటికీ మనం రోజూ వాడే 0 నుంచి 9 తప్ప వేరే అంకెలు తెలియవు. దేవనాగరి పన్నెండు ఇచ్చినా సున్నా అనే చెబుతాయి. లెక్క కట్టక ముందే ఒడియా, దేవనాగరి, తెలుగు అంకెలన్నిటినీ మామూలు అంకెలుగా మార్చే చిన్న పట్టిక పెట్టుకోండి, ముప్పై అంకెల పని.

జయపురం_జాంగో
పైథాన్‌లో ఇంట్ ఫంక్షన్ ఒడియా, దేవనాగరి, తెలుగు అంకెలను వేటినైనా సరిగ్గా చదువుతుంది. మళ్ళీ జాంగో గొప్ప చెబుతున్నానని అనుకోకండి.

ఊరికే_చూస్తున్నా
అనుకున్నాము.

బరంపురం_బ్యాకెండ్
తనిఖీ దగ్గర ఒక జాగ్రత్త. పీహెచ్‌పీ రెజెక్స్‌లో (అక్షరాల నమూనాతో చేసే తనిఖీలో) యూ గుర్తు పెడితే, అంకె అని చెప్పే బ్యాక్‌స్లాష్ డీ అన్నది ఒడియా అంకెలను కూడా అంకెలుగానే ఒప్పుకుంటుంది. అంటే తనిఖీలో పాసై, ఇంట్‌వాల్ దగ్గర సున్నా అవుతుంది. 0 నుంచి 9 అని విడమరచి రాయండి.

పాత_డీబీఏ_రాయగడ
ఆ అంకెలను నేరుగా డెసిమల్ గడిలోకి పంపితే, స్ట్రిక్ట్ మోడ్ (చెల్లని విలువను ఒప్పుకోని అమరిక) ఉన్న మైఎస్‌క్యూఎల్ ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. స్ట్రిక్ట్ మోడ్ 5.7 నుంచి డిఫాల్ట్‌గా ఉంది. హోస్టింగ్ వారు ఎక్కడైనా దాన్ని తీసేశారేమో చూడండి.

గుణుపురం_టీచరమ్మ
ఉదయం మనిషి, సాయంత్రం అబ్బాయి ఇద్దరూ ఒకే ఫారం తెరిచి ఉంచితే? ఉదయం తెరిచిన పేజీని సాయంత్రం సేవ్ చేస్తే పాత విలువలన్నీ కొత్తవాటి మీద కూర్చుంటాయి.

ధర్మాబాద్_మిర్చి
కూర్చుంటాయి, మాకు కూర్చున్నాయి. ప్రతి వరుసకు ఒక వెర్షన్ సంఖ్య పెట్టి, ఫారం తెరిచినప్పటి సంఖ్యే ఇంకా ఉంటేనే మార్చు అని వేర్‌లో రాశాము. మార్చిన ప్రతిసారీ సంఖ్య ఒకటి పెరుగుతుంది, కాబట్టి ఇక్కడ మారిన వరుసలు సున్నా అని వస్తే, మన కంటే ముందు ఇంకెవరో మార్చారని అర్థం.

బరంపురం_బ్యాకెండ్
ఆ వేర్‌లోనే సంఘం ఐడీని కూడా చేర్చండి, దాన్ని ఫారం నుంచి కాకుండా లాగిన్ సెషన్ నుంచి తీసుకోండి. బ్రాకెట్లలోని ఐడీని బ్రౌజర్‌లో ఎవరైనా మార్చి పంపగలరు. నేను చూసిన ఒక కోచింగ్ సెంటర్‌లో, ఒక విద్యార్థి తన ప్రొఫైల్ ఫారంలో ఐడీ మార్చి స్నేహితుడి ఫోన్ నంబరు మార్చేశాడు.

వంశధార_ఒడ్డు
వారం తర్వాత వచ్చి రాస్తున్నాను. బ్రాకెట్లలో ఐడీ పెట్టి, రేటును సర్వర్‌కు అప్పగించి వరుసకు నాలుగు గడులు చేశాను. పరిమితిని 2000 చేశాను. టేబుల్‌ను ఇన్నోడీబీకి మార్చి, మంచి వరుసలను ఒకే ట్రాన్సాక్షన్‌లో రాసి, తప్పువాటిని ఎర్రగా చూపిస్తున్నాను. ఒడియా అంకెల పట్టిక కూడా పెట్టాను. వెర్షన్ సంఖ్య ఇంకా పెట్టలేదు, ఈ ఆదివారం పెడతాను. 180వ రైతుకు మొన్న నెల తర్వాత మొదటిసారి పూర్తి లెక్క వచ్చింది, పాత సున్నాలను చేతిపుస్తకం చూసి సరిచేశాము.

అధ్యక్షుల వారి బిల్లు కూడా వచ్చింది. అయితే తన పేరు ఇకమీదట జాబితాలో మొదట వద్దని, ఎక్కడైనా మధ్యలో పెట్టమని పట్టుబడుతున్నారు. వరుసల క్రమం మారిస్తే మళ్ళీ ఏదైనా చెడుతుందా?

బరంపురం_బ్యాకెండ్
చెడదు. ఇప్పుడు ప్రతి గడి తన రైతు ఐడీని తనతోనే మోసుకొస్తోంది కనుక ఆయనను ఎక్కడ కూర్చోబెట్టినా ఒకటే.

పాత_డీబీఏ_రాయగడ
తెర మీద ఏ క్రమంలోనైనా చూపండి, అప్‌డేట్ లూప్‌ను మాత్రం ఎప్పుడూ ఐడీ క్రమంలోనే నడపండి. ఇద్దరు ఒకేసారి సేవ్ నొక్కినప్పుడు, ఒకరు పై నుంచి, మరొకరు కింది నుంచి వరుసలకు తాళం వేసుకుంటూ వస్తే మధ్యలో ఎదురుపడి డెడ్‌లాక్ అవుతుంది, మైఎస్‌క్యూఎల్ 1213 అనే ఎర్రర్ చెప్పి ఒకరి పనిని రద్దు చేస్తుంది. ఆ రద్దయ్యే పనిలో ఎవరి బిల్లు ఉంటుందో ముందుగా చెప్పలేము.